సీసీ పెంచాక మొదలయ్యే పని: బైక్ ఇంజిన్‌ను మళ్లీ ట్యూన్ చేయడం ఎలా?

సిలిండర్‌ను బోరు కొట్టించి పెద్ద పిస్టన్ ఎక్కించడం మంచి లేత్ షాపులో ఒకటి రెండు రోజుల పని. బిగించిన సాయంత్రమే బండి స్టార్ట్ అవుతుంది, ఐడిల్‌లో నిలబడుతుంది, సిగ్నల్ దగ్గర మునుపటికంటే చురుగ్గా కదులుతుంది. ఊళ్లో తిరిగినన్నాళ్లూ ఏ ఇబ్బందీ కనిపించకపోవచ్చు. ఆ తర్వాత ఒకరోజు హైవే మీద పది నిమిషాలపాటు యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుంటే శబ్దం మారుతుంది, పికప్ పడిపోతుంది, బండి ఆగిపోతుంది. విప్పి చూస్తే పిస్టన్ తల మీద కరిగిన గుంట ఉంటుంది. లేదంటే పిస్టన్ సిలిండర్ గోడకు పట్టేసి ఉంటుంది. మెకానిక్‌లు ఇంజిన్ సీజ్ అయిందనేది దీన్నే.

ఇలా జరిగినప్పుడు అందరూ ముందు పిస్టన్ నాణ్యతనో, బోరు కొట్టిన షాపునో అనుమానిస్తారు. చాలాసార్లు చూడాల్సింది వేరే చోట. సీసీ పెంచడమంటే ఇంజిన్‌లో ఒక కొలతను మార్చడం. కంపెనీ డిజైన్ చేసినప్పుడు ఆ కొలతను చూసుకునే పెట్రోలు ఎంత పోయాలి, నిప్పురవ్వ ఎప్పుడు పడాలి, గాలిని ఎంత నొక్కాలి అన్నవి నిర్ణయించింది. ఒకదాన్ని మార్చి మిగతావాటిని పాత లెక్కలోనే వదిలేస్తే ఇంజిన్ నడుస్తుంది, కానీ లోపల వేడి తన హద్దు దాటుతూ ఉంటుంది. ఆ మిగతావాటిని కొత్త కొలతకు తగ్గట్టు సరిచేయడమే ట్యూనింగ్.

ఒకే స్ట్రోక్, మూడు ఇంజిన్లు

సీసీ అంటే పిస్టన్ ఒకసారి పైనుంచి కిందికి కదిలినప్పుడు ఖాళీ అయ్యే చోటు. సిలిండర్ వ్యాసం (బోరు), పిస్టన్ ప్రయాణించే దూరం (స్ట్రోక్), ఈ రెండే దాన్ని నిర్ణయిస్తాయి. స్ట్రోక్ మార్చాలంటే క్రాంక్ షాఫ్ట్‌నే మార్చాలి. అందుకే వర్క్‌షాపుల్లో జరిగేది దాదాపు ఎప్పుడూ బోరు పెంచడమే.

కంపెనీయే ఈ పని చేస్తే ఎలా ఉంటుందో చూడటానికి రాయల్ ఎన్‌ఫీల్డ్ మంచి ఉదాహరణ. 2020కి ముందరి క్లాసిక్ 350లో బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 90. లెక్క వేస్తే 346 సీసీ. క్లాసిక్ 500లోనూ స్ట్రోక్ అదే 90. బోరు మాత్రం 84, అంటే 499 సీసీ. 2013లో వచ్చిన కాంటినెంటల్ జీటీలో బోరును 87కు పెంచారు. స్ట్రోక్ మళ్లీ 90. దాంతో 535 సీసీ అయింది.

346 నుంచి 499కి వెళ్తే సీసీ 44 శాతం పెరిగింది. టార్క్ 28 న్యూటన్ మీటర్ల నుంచి 41.3కి, అంటే 47 శాతం పైగా పెరిగింది. గరిష్ఠ పవర్ మాత్రం 19.8 బీహెచ్‌పీ నుంచి 27.2కే చేరింది. ఇది 37 శాతం. ఈ తేడా యాదృచ్ఛికం కాదు. తక్కువ వేగంలో లాగే బలం సీసీతోపాటు పెరుగుతుంది. ఎక్కువ ఆర్‌పీఎంలో వచ్చే పవర్ మాత్రం ఇంజిన్ ఎంత గాలి పీల్చగలదు, ఎంత పొగ బయటికి తోయగలదు అన్నదాని మీద ఆధారపడుతుంది. వాల్వులు, ఇన్‌టేక్ దారి, సైలెన్సర్ పాతవే ఉంటే పెద్ద సిలిండర్ నిండటానికి తగినంత గాలి అందదు. సీసీ పెంచిన బండి కింది ఆర్‌పీఎంలో అదరగొట్టి, పైకి వెళ్లేసరికి నీరసపడటానికి కారణం ఇదే. గరిష్ఠ వేగం పెరుగుతుందని డబ్బు పెట్టినవారు నిరాశపడేదీ ఇక్కడే.

బజాజ్ పల్సర్ కథా ఇలాంటిదే. 149 సీసీ పల్సర్ 150లో బోరు 58, స్ట్రోక్ 56.4 మిల్లీమీటర్లు. 178.6 సీసీ పల్సర్ 180లో బోరు 63.5, స్ట్రోక్ అదే 56.4. క్రాంక్ ప్రయాణం ఒక్కటే కాబట్టి 150 మీద 180 సిలిండర్ ఎక్కిస్తే సరిపోతుందన్న ఆలోచన సహజంగా వస్తుంది. సీసీ 20 శాతం పెరుగుతుంది. ఈ 20 శాతాన్ని గుర్తుపెట్టుకుంటే కింది లెక్కలు సులువుగా అర్థమవుతాయి.

రీబోర్‌ను, బోర్-అప్‌ను కలిపేయకూడదు. అరిగిన సిలిండర్‌ను పావు మిల్లీమీటరో అర మిల్లీమీటరో పెంచి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయడం రీబోర్. అది మరమ్మతు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల దశాబ్దాలుగా నిత్యం జరిగే పని. దానికి ట్యూనింగ్ దాదాపు అక్కర్లేదు. (సరదాకు చెప్పుకోవాలంటే, 70 మిల్లీమీటర్ల బోరును అర మిల్లీమీటరు పెంచినా 346 సీసీ ఇంజిన్ 351 అవుతుంది.) బోర్-అప్ వేరు. అందులో మిల్లీమీటర్లే మారతాయి. 70ని 84 చేయాలంటే పాత లైనర్‌లో అంత లోహమే ఉండదు. పెద్ద సిలిండర్ బ్లాకే కావాలి. అది కూర్చునే క్రాంక్‌కేస్ నోరు సరిపోవాలి. పిస్టన్ బరువు పెరుగుతుంది కాబట్టి, పాత పిస్టన్ బరువుకు బ్యాలెన్స్ చేసిన క్రాంక్‌తో వైబ్రేషన్ ఎక్కువవుతుంది.

ఎవరూ కొలవని ఖాళీ

ట్యూనింగ్ అనగానే కార్బ్యురేటర్ స్క్రూలు గుర్తొస్తాయి. దానికంటే ముందు చూడాల్సింది కంప్రెషన్ రేషియో. పిస్టన్ అడుగున ఉన్నప్పటి మొత్తం ఖాళీని, అది పైకి వచ్చాక మిగిలే ఖాళీతో భాగిస్తే వచ్చే అంకె ఇది. పాత 346 సీసీ ఇంజిన్‌లో ఇది 8.5. అంటే పిస్టన్ పైకి వచ్చాక హెడ్‌లో మిగిలే చోటు సుమారు 46 సీసీ.

ఇప్పుడు హెడ్ మార్చకుండా కింద 499 సీసీ సిలిండర్ పెట్టారనుకుందాం. పైన మిగిలే 46 సీసీ అలాగే ఉంటే కంప్రెషన్ 8.5 నుంచి ఏకంగా 11.8కి చేరుతుంది. పెద్ద గ్యాస్కెట్ రంధ్రం వల్ల నిజంలో ఇది కాస్త తగ్గవచ్చు కానీ దిశ మారదు. పల్సర్ లెక్క చూసినా అంతే. 149 సీసీ దగ్గర కంప్రెషన్ 9.5 అనుకుంటే, అదే హెడ్‌తో 178.6కి వెళ్లినప్పుడు అది 11.2 అవుతుంది. ఎవరూ కంప్రెషన్ పెంచమని అడగలేదు. సీసీ పెంచమన్నారు. అది దానంతట అదే పెరిగింది.

గాలి, పెట్రోలు ఎంత గట్టిగా నొక్కితే అంత వేడెక్కుతాయి. ఒక హద్దు దాటితే స్పార్క్ వెలిగించిన మంట చేరకముందే మూలన ఉన్న మిశ్రమం ఒక్కసారిగా పేలిపోతుంది. ఇదే నాకింగ్. బండి లోడు మీద ఉన్నప్పుడు డబ్బాలో గోళీలు ఆడించినట్టు వినిపించే చప్పుడు ఇదే. గాలితో చల్లబడే ఇంజిన్‌లో, ఏప్రిల్, మే నెలల ఎండలో, ఇద్దరిని ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కుతున్నప్పుడు ఇది మొదలవడానికి అన్ని వసతులూ ఉంటాయి. పైగా హెల్మెట్ లోపల, పెద్ద శబ్దం చేసే సైలెన్సర్ ఉన్న బండి మీద ఆ చప్పుడు వినపడదు.

అందుకే మంచి ట్యూనర్ హెడ్ బిగించే ముందు ఆ ఖాళీని కొలుస్తాడు. అంచుకు గ్రీజు రాసి, ప్లాస్టిక్ పలక మూసి, చిన్న రంధ్రంలోంచి సిరంజితోనో బ్యూరెట్‌తోనో ద్రవం పోసి ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో చూస్తాడు. కంప్రెషన్ ఎక్కువైతే తల కాస్త లోతుగా ఉన్న పిస్టన్ ఎంచుకోవాలి, లేదా హెడ్‌లో చోటు పెంచాలి, లేదా సిలిండర్ కింద దళసరి గ్యాస్కెట్ వేయాలి. 84 మిల్లీమీటర్ల బోరులో ఒక మిల్లీమీటరు ఎత్తు పెంచితే సుమారు ఐదున్నర సీసీ చోటు వస్తుంది. పై ఉదాహరణలో 11.8 కాస్తా 10.7కి దిగుతుంది. అయితే ఆ ఎత్తుకు కూడా మూల్యం ఉంది. ఓవర్‌హెడ్ క్యామ్ ఉన్న ఇంజిన్‌లో టైమింగ్ చైన్ దారి మారి వాల్వ్ టైమింగ్ కొద్దిగా వెనకబడుతుంది. పుష్‌రాడ్ ఇంజిన్‌లో రాడ్ల పొడవు చూసుకోవాలి.

ఇదే దశలో పిస్టన్‌కూ గోడకూ మధ్య సందు, రింగుల చివరల మధ్య సందు కొలుస్తారు. రింగ్ సందుకు పాత లెక్క ఒకటుంది. బోరులో ప్రతి మిల్లీమీటరుకు సుమారు 0.004 మిల్లీమీటర్లు. 84 బోరుకు మూడోవంతు మిల్లీమీటరు అన్నమాట. సందు తక్కువైతే వేడికి రింగు సాగి రెండు చివరలూ ఒరుసుకుని గోడను చీరేస్తుంది. ఫోర్జ్‌డ్ పిస్టన్లు మామూలు పోత పిస్టన్లకంటే ఎక్కువ వ్యాకోచిస్తాయి కాబట్టి, వాటికి సందు ఎక్కువ వదలాలి. పిస్టన్ డబ్బా మీద తయారీదారు ఇచ్చిన అంకెకు మించిన ప్రామాణికం లేదు.

కార్బ్యురేటర్: అనుకున్నంత మొండిది కాదు

ఇంజిన్‌కు గాలి, పెట్రోలు ఏ నిష్పత్తిలో అందుతున్నాయన్నది ట్యూనింగ్‌కు గుండెకాయ. స్వచ్ఛమైన పెట్రోలు పూర్తిగా మండటానికి బరువులో 14.7 వంతుల గాలి కావాలి. పెట్రోలు అంతకంటే తక్కువైతే మిశ్రమం ‘లీన్’, ఎక్కువైతే ‘రిచ్’. నింపాదిగా వెళ్తున్నప్పుడు 14కు అటూ ఇటూ ఉన్నా నష్టం లేదు. యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచినప్పుడు మాత్రం 12.5 నుంచి 13.2 మధ్య రిచ్‌గా ఉండాలి. అప్పుడే గరిష్ఠ బలం వస్తుంది, మిగిలిన పెట్రోలు ఆవిరవుతూ లోపలి వేడిని తగ్గిస్తుంది.

సీసీ 20 శాతం పెరిగింది కదా, జెట్ కూడా 20 శాతం పెంచాలన్నది చాలామంది చేసే లెక్క. అది తప్పు. కార్బ్యురేటర్ ఇరుకు గొంతులోంచి గాలి ఎంత వేగంగా పోతే అక్కడ పీడనం అంత పడిపోతుంది, ఆ పీడనమే పెట్రోలును పైకి లాగుతుంది. గాలి 20 శాతం పెరిగితే ఆ లాగుడు 44 శాతం పెరుగుతుంది. జెట్ రంధ్రంలోంచి వచ్చే పెట్రోలు లాగుడు వర్గమూలం ప్రకారం పెరుగుతుంది కాబట్టి అదీ సుమారు 20 శాతమే పెరుగుతుంది. అంటే కార్బ్యురేటర్ చాలావరకు తనంతట తానే సర్దుకుంటుంది. పూర్తిగా కాదు. ఒకే సిలిండర్ ఉన్న ఇంజిన్ గాలిని దఫదఫాలుగా గుంజుతుంది. వాక్యూమ్‌తో లేచే స్లైడ్ ఉన్న కార్బ్యురేటర్లలో ఆ స్లైడ్ మునుపటికంటే ముందే లేస్తుంది. ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ కూడా మార్చి ఉంటే లెక్క ఇంకా కదులుతుంది. అందుకే జెట్ మార్చాలి, కానీ ఒక్కో సైజు పెంచుతూ పరీక్షించాలి. ఒకేసారి పది అంకెలు ఎక్కడం కాదు.

ఆ అంకెల్లోనూ ఒక మెలిక ఉంది. కీహిన్ జెట్ మీద 100 అని ఉంటే రంధ్రం వ్యాసం ఒక మిల్లీమీటరు. 110 అంటే 1.10. వ్యాసం 10 శాతం పెరిగినట్టు కనిపించినా రంధ్రం వైశాల్యం 21 శాతం పెరుగుతుంది. మికుని జెట్లలో చాలావాటి అంకెలు రంధ్రం సైజు కాదు, ప్రవాహాన్ని సూచిస్తాయి. ఒక కంపెనీ 110ని తీసి మరో కంపెనీ 110 వేస్తే రెండూ ఒకటి కావు.

యాక్సిలరేటర్ ఎంత తెరిచారన్నదాన్ని బట్టి కార్బ్యురేటర్‌లో వేర్వేరు భాగాలు పని చేస్తాయి. మూసి ఉన్నప్పటి నుంచి సుమారు పావు వంతు వరకు పైలట్ జెట్, మిక్చర్ స్క్రూ. పావు నుంచి ముప్పావు వరకు నీడిల్. ఆపైన మెయిన్ జెట్. ఫిర్యాదు ఏ దశలో వస్తోందో తెలిస్తే ఏ భాగం ముట్టుకోవాలో తెలుస్తుంది. యాక్సిలరేటర్ వదిలాక ఆర్‌పీఎం వెంటనే దిగకుండా వేలాడుతుంటే, సైలెన్సర్‌లో టపటపమంటుంటే పైలట్ దశ లీన్. గాలి లీకు లేదని చూసుకున్నాకే ఈ నిర్ణయానికి రావాలి. కొత్తగా బిగించిన ఇన్‌టేక్ రబ్బరు దగ్గర సన్నని సందు కూడా ఇవే లక్షణాలు చూపిస్తుంది. మధ్యలో బండి గుడగుడమంటూ బరువుగా లాగుతుంటే రిచ్. నీడిల్ క్లిప్పును ఒక గాడి పైకి జరిపితే నీడిల్ కిందికి దిగి పెట్రోలు తగ్గుతుంది.

మిక్చర్ స్క్రూను ఎటు తిప్పాలన్నది ఎప్పుడూ ఉండే గందరగోళం. స్క్రూ ఇంజిన్ వైపు ఉంటే అది సాధారణంగా పెట్రోలును నియంత్రిస్తుంది, బయటికి తిప్పితే రిచ్. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే గాలిని నియంత్రిస్తుంది, బయటికి తిప్పితే లీన్. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్ ఎక్కడ ఎక్కువగా, నిలకడగా ఉంటుందో అక్కడ ఆపాలి.

మెయిన్ జెట్ సరిచూడటం అన్నిటికంటే ప్రమాదకరమైన దశ. మొదట్లో చెప్పిన కరిగిన పిస్టన్లు ఇక్కడే తయారవుతాయి. కాబట్టి ఎప్పుడూ కావాల్సినదానికంటే పెద్ద జెట్‌తో మొదలుపెట్టి కిందికి రావాలి. చిన్నదానితో మొదలుపెట్టి పైకి పోకూడదు. పూర్తి యాక్సిలరేటర్ దగ్గర కొంచెం వెనక్కి తిప్పినప్పుడు బండి ఇంకా బలంగా లాగిందంటే మెయిన్ జెట్ చిన్నదని గుర్తు. స్పార్క్ ప్లగ్ రంగు చూసి చెప్పే పాత పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది కానీ, ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలుతో ప్లగ్ తెల్లగా కనిపించడం మామూలైపోయింది. రంగును నమ్మి జెట్ ఎంచడం ఇప్పుడు జూదమే. సైలెన్సర్ పైపులో వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ పెట్టి, డైనో మీద లోడు ఇచ్చి చూడటం ఖర్చయినా, కొత్త పిస్టన్ కంటే చవక.

ఇరవై శాతం ఇథనాల్

ఇథనాల్ విషయం పక్కన పెట్టదగింది కాదు. దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది. 2025 నాటికి దాదాపు అన్ని బంకుల్లో దొరికేది అదే. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది. అది మండటానికి బరువులో తొమ్మిది వంతుల గాలి చాలు. 20 శాతం కలిసిన ఇంధనానికి సరైన నిష్పత్తి 14.7 కాదు, సుమారు 13.5. అంటే పదేళ్ల కిందటి పెట్రోలుకు సరిగ్గా జెట్ చేసిన కార్బ్యురేటర్, అలాగే వదిలేస్తే నేడు ఏడెనిమిది శాతం లీన్‌గా నడుస్తుంది. దాని మీద సీసీ పెంచి, మెయిన్ జెట్ ముట్టుకోకపోతే రెండు లోటులూ ఒకదానిపై ఒకటి పడతాయి.

దీనికి ఇంకో వైపూ ఉంది. ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ, ఆవిరయ్యేటప్పుడు చల్లదనం ఎక్కువ. నాకింగ్‌ను అది అడ్డుకుంటుంది. సరిగ్గా జెట్ చేస్తే కంప్రెషన్ కాస్త పెరిగిన ఇంజిన్‌కు ఈ ఇంధనం మేలే చేస్తుంది. పాత రబ్బరు పైపులు, ఫ్లోట్ బౌల్ వాషర్లు దీన్ని ఎంతకాలం తట్టుకుంటాయన్నది వేరే సమస్య. ఇంజిన్ ఎలాగూ విప్పారు కాబట్టి వాటినీ మార్చేయడం మంచిది.

వైడ్‌బ్యాండ్ మీటరు వాడేవారు అంకెను ‘లాంబ్డా’లో చూడటం అలవాటు చేసుకుంటే ఈ గజిబిజి ఉండదు. ఏ ఇంధనానికైనా లాంబ్డా 1 అంటే సరైన నిష్పత్తి. పూర్తి లోడులో 0.86 నుంచి 0.9 మధ్య ఉంటే చాలు.

కొత్త బండ్లు క్షమించవు

2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 వచ్చాక దేశంలో అమ్మే బైకులు దాదాపు అన్నీ ఫ్యుయల్ ఇంజెక్షన్‌కు మారాయి. కంప్యూటర్ ఉంది కాబట్టి కొత్త సీసీకి అదే సర్దుకుంటుందని చాలామంది నమ్మకం. వాస్తవం దాదాపు తలకిందులు.

కార్బ్యురేటర్ గాలి లాగుడుకు స్పందిస్తుంది. ఇంజెక్షన్ బండిలోని ఈసీయూ చాలావరకు పట్టిక చూసి పని చేస్తుంది. యాక్సిలరేటర్ ఇంత తెరిచి ఉంది, ఆర్‌పీఎం ఇంత, లోపలి పీడనం ఇంత, అయితే ఇంజెక్టర్‌ను ఇన్ని మిల్లీసెకన్లు తెరువు అని ఆ పట్టిక చెబుతుంది. పట్టిక రాసినవారు సిలిండర్ సైజు మారదన్న ధీమాతో రాశారు. సిలిండర్ 20 శాతం పెరిగి, పూర్తి యాక్సిలరేటర్ దగ్గర 20 శాతం ఎక్కువ గాలి లోపలికి వచ్చినా ఈసీయూ పాత లెక్క పెట్రోలే పోస్తుంది. 13 ఉండాల్సిన నిష్పత్తి 15.6 అవుతుంది. అదీ ఇంజిన్ అత్యంత వేడిగా ఉండే సమయంలో.

మరి ఆక్సిజన్ సెన్సర్ ఉంది కదా? ఉంది. కానీ మామూలు బండ్లలోని సెన్సర్ మిశ్రమం సరైన నిష్పత్తికి అటు ఉందా ఇటు ఉందా అన్నంతవరకే కచ్చితంగా చెప్పగలదు. నింపాదిగా వెళ్తున్నప్పుడు ఈసీయూ దాని మాట విని కొంత మేరకు సర్దుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తెరిస్తే సెన్సర్‌ను పక్కన పెట్టి నేరుగా పట్టికను అనుసరిస్తుంది. ఊళ్లో బాగున్న బండి హైవే మీద చావడానికి ఇది పూర్తి వివరణ.

దీనికి మార్గాలు రెండు. ఈసీయూలోని పట్టికను తిరగరాయడం ఒకటి. ఈసీయూకూ ఇంజెక్టర్‌కూ మధ్య ఇంకో పరికరం పెట్టి సంకేతాన్ని మార్చడం రెండోది. బెంగళూరుకు చెందిన రేస్ డైనమిక్స్ తయారుచేసే పవర్‌ట్రానిక్ ఈ రెండో కోవకు చెందుతుంది. ఏది వాడినా పరికరంతో వచ్చే రెడీమేడ్ మ్యాప్ సాధారణంగా సైలెన్సర్, ఫిల్టర్ మార్చిన బండికి రాసి ఉంటుంది. సీసీ పెంచిన బండికి అది మొదలుపెట్టే చోటు మాత్రమే.

ఇంజెక్టర్ సామర్థ్యం కూడా చూడాలి. 6,000 ఆర్‌పీఎంలో నాలుగు స్ట్రోకుల చక్రం పూర్తయ్యేది 20 మిల్లీసెకన్లలో. ఇంజెక్టర్ అందులో 85 శాతం, అంటే 17 మిల్లీసెకన్లు దాటి తెరిచి ఉండాల్సి వస్తోందంటే అది చిన్నదైపోయినట్టు. మ్యాప్ ఎంత మార్చినా అంతకుమించి పెట్రోలు రాదు. అప్పుడు పెద్ద ఇంజెక్టర్ వేసి, పట్టిక మొత్తాన్ని మళ్లీ మొదటి నుంచి రాయాలి.

రవ్వ ఎప్పుడు పడాలి

పిస్టన్ పైకి చేరడానికి కాస్త ముందే స్పార్క్ పడుతుంది. మంట వ్యాపించడానికి సమయం పడుతుంది కాబట్టి ఆ ముందరి వ్యవధి అవసరం. బోరు పెద్దదైతే మంట ప్రయాణించాల్సిన దూరం పెరుగుతుంది, కాబట్టి ఇంకా ముందే వెలిగించాలనిపిస్తుంది. కానీ కంప్రెషన్ పెరిగితే మంట వేగమూ పెరుగుతుంది, నాకింగ్ ముప్పూ పెరుగుతుంది. ఈ రెండింటిలో రెండోదానికే ఎక్కువ విలువ ఇవ్వాలి. కంపెనీ టైమింగ్ నుంచి రెండు మూడు డిగ్రీలు వెనక్కి తీసుకుని మొదలుపెట్టడం, డైనో మీద టార్క్ పెరుగుతున్నంతవరకు ఒక్కో డిగ్రీ ముందుకు జరపడం, పెరుగుదల ఆగిన చోటికి కాస్త ముందే ఆగిపోవడం అనుభవజ్ఞుల పద్ధతి. పాత పాయింట్ల బుల్లెట్‌లో ఇది స్క్రూడ్రైవర్ పని. సీడీఐ ఉన్న బండ్లలో మ్యాప్ మార్చగల సీడీఐ వేస్తే తప్ప కుదరదు. ఒకే హెడ్‌లో రెండు ప్లగ్గులు ఉన్న ఇంజిన్లలో, అంటే పల్సర్, పాత క్లాసిక్ 350 వంటివాటిలో, మంట రెండు వైపుల నుంచి వస్తుంది కాబట్టి టైమింగ్ అసలే తక్కువ ముందుకు ఉంటుంది. ఇంకో బండి అంకెలు తెచ్చి వీటికి పెట్టకూడదు.

ఇంత చేసినా కొత్త రింగులు గోడకు కూర్చునేదాకా డైనో మీద గరిష్ఠ బలం కోసం పరుగెత్తకూడదు. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు ఒకే వేగంలో కాకుండా మార్చి మార్చి నడపాలి, ఇంజిన్ ఆయిల్ త్వరగా మార్చాలి, ట్యాపెట్లు, హెడ్ బోల్టుల బిగువు మళ్లీ చూడాలి. టార్క్ పెరిగింది కాబట్టి క్లచ్ జారుతుందేమో గమనించాలి. ముందు స్ప్రాకెట్ ఒక పన్ను పెంచితే అదే వేగానికి ఇంజిన్ తక్కువ తిరుగుతుంది, వేడి తగ్గుతుంది. సీసీ పెంచినవారికి చవకగా దొరికే ఉపశమనం ఇది. బ్రేకుల సంగతి చాలామంది తలుచుకోరు. 499 నుంచి 535కి, అంటే ఏడు శాతం పెంచినప్పుడే కాంటినెంటల్ జీటీకి రాయల్ ఎన్‌ఫీల్డ్ బ్రిటన్‌లోని హ్యారిస్ పెర్ఫార్మెన్స్‌తో కొత్త ఫ్రేమ్ చేయించింది, బ్రెంబో బ్రేకులు పెట్టింది.

ఆర్‌సీలో ఉన్న సీసీ

ఇంజిన్ సిద్ధమైనా కాగితం పాతదే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నంగా అయ్యేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. సీసీ ఆ వివరాల్లో ఒకటి. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగా సమర్థించింది. అదే ఏడాది చట్ట సవరణతో చేరిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ప్రతి మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు.

దక్షిణాసియాలో ప్రభుత్వాలు బైకును చూసేదే సీసీ గీతల ద్వారా. బంగ్లాదేశ్ చాలా ఏళ్లు 165 సీసీ దాటిన బైకులను అనుమతించలేదు. ఆ పరిమితిని సడలించాకే 350 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్‌లు 2024లో అక్కడి మార్కెట్‌లోకి వచ్చాయి. భారత్‌లో 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బైకులకు జీఎస్టీ 18 శాతం, దాటితే 40 శాతం. థర్డ్ పార్టీ బీమాకూ ఇలాంటి గీతలే ఉన్నాయి. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ వరకు ఏడాదికి 714 రూపాయలు, 350 వరకు 1,366, ఆపైన 2,804. పల్సర్ 150ని 178 చేసినా, క్లాసిక్ 350ని 499 చేసినా బండి ఒక గీత దాటుతుంది. ప్రీమియం మాత్రం పాత గీతకే కడుతున్నారు. ప్రమాదం జరిగి సర్వేయర్ ఇంజిన్ విప్పించిన రోజున, సొంత బండి నష్టానికి పెట్టిన క్లెయిమ్‌ను తిరస్కరించడానికి బీమా సంస్థకు ఇంతకంటే తేలికైన కారణం అక్కర్లేదు. వారంటీ ఉన్న బండి అయితే అదీ పోయినట్టే.

ట్రాక్‌కే పరిమితమైన బండికి ఈ చిక్కు లేదు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే వంటి సర్క్యూట్లలో జరిగే పోటీల్లో ఏ తరగతిలో ఎంత మార్పు చేయవచ్చో నిబంధనలే చెబుతాయి. సీసీ పెంచిన బండిని అక్కడికి రోడ్డు మీద నడుపుకుంటూ పోకూడదు. వ్యానులో ఎక్కించుకునో, ట్రాలీ మీదనో తీసుకెళ్లాలి.